మేస్త్రీ గారూ, ఈ లైటుతో అన్నవరం వెళ్లొచ్చా?

ప్రశ్న: మేస్త్రీ గారికి నమస్కారం. మాది నందిగామ. జగ్గయ్యపేటలో హైస్కూలు టీచర్ని. రోజూ నేనే కారు నడుపుకుంటూ వెళ్లొస్తాను. 2019లో కొన్న పెట్రోలు కారు, 71 వేల కిలోమీటర్లు తిరిగింది. పది రోజుల కిందట మీటర్లో పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగింది. ఇక్కడి మెకానిక్ స్కానర్ పెట్టి చూసి, "పీ0230 అని వస్తోంది మేడమ్, ఫ్యూయల్ పంపు పోయింది, తొమ్మిదిన్నర వేలవుతుంది" అన్నాడు. అప్పటికి లైటు ఆర్పేసి పంపాడు. మూడో రోజు మళ్లీ వెలిగింది. ఎండలో నిలబెట్టిన బండి సాయంత్రం స్టార్ట్ చేయాలంటే రెండు మూడు సార్లు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది. ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కుతుంటే జర్క్ ఇస్తోంది. మా వారేమో "బండి నడుస్తోంది కదా, లైటు వెలిగితే ఏమిటి?" అంటారు. మామగారు ట్యాంకు ఫుల్ చేయిస్తే అదే పోతుందంటారు. వచ్చే వారం అన్నవరంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి. నలుగురం, పైగా సామాను. ఈ కారులోనే వెళ్లొచ్చా? నాకైతే టెన్షన్‌గా ఉంది. రోజూ ఐదు వందల పెట్రోలు పోయించుకోవడం నా అలవాటు, దానివల్ల ఏమైనా అయిందంటారా?
– ఒక టీచరు, నందిగామ

జవాబు: అన్నవరం ఈ కారులో వద్దమ్మా. రిపేరు అయ్యేదాకా జగ్గయ్యపేట కూడా వద్దు. ఆ రూట్లో బస్సులకు కరువు లేదు, నాలుగు రోజులు బస్సెక్కండి. షెడ్డు దాకా మాత్రం నడుపుకుని వెళ్లొచ్చు. అది కూడా పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఏసీ ఆపి, ఎడమ పక్కన మెల్లగా.

"నడుస్తోంది కదా" అనే మాట బెజవాడ ఆటోనగర్లో ముప్పై ఏళ్లుగా వింటున్నాను. ఒకప్పుడు అది చెల్లిన మాటే. నేను పని నేర్చుకునే రోజుల్లో అంబాసిడర్ పంపు ఇంజన్ పక్కనే బయటికి కనపడుతూ ఉండేది. వేసవిలో వేడికి పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతే డ్రైవరు దిగి, పంపు మీద తడిగుడ్డ వేసి, ఓ బీడీ కాల్చుకుని (కాస్త దూరంగానే లెండి) మళ్లీ బయల్దేరేవాడు. ఇప్పటి పంపు పెట్రోలు ట్యాంకు లోపల ఉంటుంది. తడిగుడ్డ వేయాలంటే ట్యాంకులోకి దూకాలి.

ఈ పంపు ఒక చిన్న కరెంటు మోటారు. పెట్రోలు ఆ మోటారు గుండానే పైకి వెళ్తుంది, పోతూ పోతూ దాన్ని చల్లబరుస్తుంది. చుట్టూ పెట్రోలు ఉన్నంతసేపు దానికి చలవ. ఐదు వందలకు వచ్చేది నాలుగైదు లీటర్లే. అంటే మీ పంపు ఎప్పుడూ ట్యాంకు అడుగున, సగం బయటపడి, వేడిమీద తిరుగుతోంది. దానివల్లే పోయిందని ఇక్కడ కూర్చుని చెప్పలేను గానీ, మంచి అలవాటు మాత్రం కాదు. పావు ట్యాంకు కంటే కిందికి రానివ్వకండి. మామగారి మాటలో అంతమటుకు నిజం ఉంది. అలాగని ఇప్పుడు ఫుల్ చేయించకండి. పంపు బయటికి తీయాలంటే నిండు ట్యాంకు మెకానిక్‌కి నరకం. కొన్ని కార్లకు ట్యాంకునే కిందికి దించాలి. షెడ్డుకు వెళ్లేటప్పుడు సగం లోపు ఉంటే చాలు.

ఇక ఆ తొమ్మిదిన్నర వేల సంగతి. పీ0230 అంటే పంపు పోయిందని కాదమ్మా. పంపుకు కరెంటు వెళ్లే దారిలో తేడా ఉందని. ఆ దారిలో ఫ్యూజు ఉంది, రిలే (పంపుకు కరెంటు వదిలే, ఆపే స్విచ్చి) ఉంది, వైరు ఉంది, పంపు నెత్తిన కనెక్టరు (వైరు వచ్చి తగిలే ప్లగ్గు) ఉంది. చివర్న పంపు ఉంది. స్కానర్ వీధి పేరు చెబుతుంది, ఇంటి నంబరు మనమే వెతుక్కోవాలి. పోయిన ఏడాది ఇలాగే ఒకాయన, కొత్త పంపు వేయించుకున్నా జర్క్ పోలేదని మా షెడ్డుకు తెచ్చాడు. వెనక సీటు లేపి, కింద గుండ్రటి రేకు మూత తీశాను. కనెక్టరు ఒక మూల గోధుమ రంగుకు తిరిగి, అప్పడం కాలినట్టు ఉబ్బి ఉంది. లోపలి పిన్ను వదులై, అక్కడే కాలుతోంది. కనెక్టరు మార్చి పంపాను. ఆయన పాత పంపు బాగానే ఉండి ఉంటుంది, ఏ తుక్కు కొట్లో ఉందో పాపం.

అందుకని మీ మెకానిక్‌ని రెండు పనులు అడగండి. ఇంజన్ ఆన్‌లో పెట్టి, పంపు కనెక్టరు దగ్గర మీటరుతో ఓల్టేజి చూడమనండి. బ్యాటరీ దగ్గర పద్నాలుగు చూపించి ఇక్కడ పదకొండే చూపిస్తే దొంగ దారిలో ఉన్నాడు, పంపులో కాదు. రెండోది, పెట్రోలు ప్రెజర్ గేజి పెట్టి చూడటం. మామూలు పెట్రోలు కార్లకు మూడు నుంచి నాలుగు కేజీల ప్రెజర్ ఉండాలి, మీ మోడల్‌కి ఎంతో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడు సరిగ్గా చూపించి, ఎక్సలేటర్ తొక్కగానే ముల్లు పడిపోతుంటే అప్పుడు పంపునో, దాని కింది జల్లెడనో అనుమానించాలి. "గేజి లేదు మేడమ్, నా అనుభవం చాలు" అంటే ఆ అనుభవానికి ఓ నమస్కారం పెట్టి వేరే షెడ్డు చూసుకోండి.

డబ్బు తీసేముందు ఇంకొకటి. మీ కారు ఏ కంపెనీదో రాయలేదు. 2020 జులైలో మారుతి వాళ్లు వ్యాగన్ఆర్, బాలెనో కలిపి 1,34,885 కార్లను ఫ్యూయల్ పంపు కోసమే వెనక్కి పిలిచారు. 2018 చివర్లోనూ 2019లోనూ తయారైన బళ్లు అవి. హోండా వాళ్లు 2024 అక్టోబరులో 90,468 కార్లకు ఇదే పంపు మారుస్తామని ప్రకటించారు. ఇలా పిలిచినప్పుడు పైసా తీసుకోకుండా మారుస్తారు. ఆర్సీ మీద ఉన్న ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూడండి, లేదా షోరూంకి ఫోన్ చేసి అడగండి. ఊరికే వచ్చేదానికి తొమ్మిదిన్నర వేలు ఎందుకు పెట్టాలి?

మీరు ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. పొద్దున్నే అద్దాలు ఎత్తి, ఏసీ, పాటలు ఆపి, సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ దాకా తిప్పండి. వెనక సీటు కింద నుంచి 'జుయ్' మని రెండు మూడు సెకన్లు వినపడి ఆగాలి. అదే పంపు. సాయంత్రం, మొండికేసినప్పుడు మళ్లీ వినండి. చప్పుడే లేకపోతే కరెంటు అందటం లేదన్నా కావాలి, మోటారు పట్టేసిందన్నా కావాలి. దోమ చెవిలో దూరినట్టు కీచుమంటూ ఆగకుండా వస్తుంటే మోటారు అరిగిందని అనుకోవచ్చు. ఈ సంగతి మెకానిక్‌కి చెబితే సగం పని తగ్గుతుంది.

నా సంగతీ చెప్పాలి, మీ వారికి చదివి వినిపించండి. ఓ మే నెలలో నా సొంత కారుకే ఆ కీచు మొదలైంది. ఊళ్లో బళ్లన్నీ నేనే చూస్తాను, నాది రేపు చూద్దాంలే అనుకున్నాను. పది రోజులు అలాగే గడిచాయి. ఏలూరు వెళ్తుంటే హనుమాన్ జంక్షన్‌కి ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా, లారీని దాటబోతుంటే కారు చచ్చిపోయింది. కుడి పక్క లైన్లో ఉన్నాను. స్టీరింగ్ బరువెక్కింది. బ్రేకు రెండు సార్లు మామూలుగా పడింది, మూడోసారి రాయిని తొక్కినట్టుంది. వెనకాల సిమెంటు లారీ హారన్ ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. ఎలాగో ఎడమకు లాగి ఆపాను. మా ఆవిడ దిగి, చెట్టు కింద కూర్చుని, పెరుగన్నం డబ్బా తీసి, నాకు పెట్టకుండా మొత్తం తినేసింది. నేను చక్రాల పానాకు తువ్వాలు చుట్టి, ట్యాంకును కింద నుంచి నాలుగు దెబ్బలు కొట్టాను. పట్టేసిన మోటారు ఒక్కోసారి అలా లేస్తుంది. లేచింది, జంక్షన్ దాకా తీసుకెళ్లింది, అక్కడ మళ్లీ పడుకుంది. ఈ కిటుకు మీరు హైవే మీద ప్రయత్నించకండి.

మీ వారికి చెప్పాల్సింది ఇదే. పంపు అలసిపోయి ఆగితే, ఇరవై నిమిషాలు చల్లారాక ఒక్కోసారి మళ్లీ స్టార్ట్ అవుతుంది, అప్పుడు బాగైపోయిందనుకుంటాం. అది ఎప్పుడు ఆగుతుందో, గోదావరి బ్రిడ్జి మీదో మీ వీధి మలుపులోనో, అది చెప్పదు.

షెడ్డుకు వెళ్తుంటేనే ఆగిపోతే నాలుగు లైట్లూ వేసి, ఊపు ఉండగానే ఎడమకు లాగండి. బ్రేకును దఫదఫాలుగా కాకుండా ఒకేసారి గట్టిగా తొక్కి పట్టండి. బండి కదులుతుండగా తాళం బయటికి తీయొద్దు, స్టీరింగ్ లాకయి పోతుంది. ఆగాక అందరూ దిగి రోడ్డుకు దూరంగా నిలబడాలి. జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చేయండి. పెట్రోలు వాసన వచ్చినా, ఇంజన్ బొమ్మ ఆరుతూ వెలుగుతూ కొట్టుకున్నా ఇంక షెడ్డు దాకా కూడా వద్దు, అక్కడే ఆపి మెకానిక్‌ని పిలిపించుకోండి. అలా కొట్టుకుంటుంటే నడిపితే సైలెన్సరు దారిలో ఉండి పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరు కాలిపోతుంది. దాని ముందు పంపు ఖర్చు చిల్లర.

డీజిల్ కార్ల వాళ్లు ఇది చదివి మాకూ ఇంతే అనుకోవద్దు. మీ హైప్రెజర్ పంపు అరిగితే ఇనుప రజను, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల దాకా వెళ్తుంది, షెడ్డుకు కూడా తోలుకుని వెళ్లొద్దు, టోయింగే.

పెళ్లికి ఇంకా వారం ఉందన్నారు. కనెక్టరో రిలేనో అయితే ఒక్క పూట పని. పంపే అయినా సామాను దొరికితే ఒక రోజు. అయ్యాక రెండు రోజులు జగ్గయ్యపేట తిప్పి, సాయంత్రం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటే అప్పుడు అన్నవరం మాట. లేదంటే ట్యాక్సీ మాట్లాడుకోండి.

ప్రశ్న: మీటర్లో పెట్రోలు బంకు బొమ్మ వెలుగుతోంది. ఫ్యూయల్ పంపు చెడినట్టా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: కాదండీ, పెట్రోలు అయిపోవస్తోంది, పోయించండి. పోయించినా ఆరకపోతే ట్యాంకులో తేలుతూ పెట్రోలు ఎంతుందో మీటరుకు చెప్పే బుడ్డి పట్టేసి ఉండొచ్చు. చాలా కార్లలో అది పంపుతో కలిసే ఉంటుంది కాబట్టి మొత్తం సెట్టు మార్చాలంటారు. బుడ్డి విడిగా దొరుకుతుందేమో ముందు అడగండి.