పాఠకుల ప్రశ్నలు: మెడికల్ కాలేజీకి ముందు మరో ఏడాది చదువు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో బయాలజీ ప్రధానాంశంగా డిగ్రీ పూర్తి చేశాడు. మొత్తం జీపీఏ (4కి లెక్కగట్టే సగటు గ్రేడు) 3.1, సైన్సు కోర్సుల్లో 2.9. మొదటి రెండేళ్లలో కెమిస్ట్రీలో సీ గ్రేడులు వచ్చాయి, చివరి ఏడాది బాగానే చదివాడు. మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ ఇంకా రాయలేదు. దరఖాస్తుకు ముందు పోస్ట్-బ్యాక్, అంటే డిగ్రీ తరువాత వైద్య విద్యకు సిద్ధం చేసే అదనపు చదువు, చేస్తానంటున్నాడు. పేరున్న కాలేజీ ప్రోగ్రామ్, ఏడాది మాస్టర్స్, దగ్గరలోని స్టేట్ యూనివర్సిటీలో విడి కోర్సులు, ఈ మూడింటిలో ఏది మేలు?

జవాబు: కాలేజీ పేరు సంగతి తరువాత చూద్దాం, ముందుగా మీ అబ్బాయి ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులు, గ్రేడుల జాబితా) తీసి చూడండి. పోస్ట్-బ్యాక్ అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు అవసరాల కోసం ఏర్పడిన చదువులు నడుస్తున్నాయి. మొదటిది, సైన్సు చదవకుండా డిగ్రీ ముగించి, ఆ తరువాత వైద్యం వైపు మళ్లినవారి కోసం ఉద్దేశించినది. కొలంబియా విశ్వవిద్యాలయంలో 1955 నుంచి సాగుతున్న ప్రోగ్రామ్, బ్రిన్ మార్, గౌచర్, స్క్రిప్స్ కాలేజీల ప్రోగ్రాములు ఈ కోవలోవి. రెండవది, కోర్సులన్నీ చదివినా గ్రేడులు చాలనివారి కోసం. మీ అబ్బాయిది రెండవ అవసరం కనుక, బాగా పేరు వినిపించే మొదటి రకం ప్రోగ్రాముల్లో చాలావాటికి అతడు అర్హుడు కాడు.

ఇక మిగిలిన రెండు దారుల మధ్య తేడా ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఎండీ (అమెరికాలో వైద్యుల తొలి డిగ్రీ) ఇచ్చే కాలేజీల్లో అత్యధిక భాగానికి దరఖాస్తులు చేర్చే ఆమ్‌కాస్ సంస్థ, డిగ్రీ తరువాత చదివిన అండర్‌గ్రాడ్యుయేట్ స్థాయి కోర్సుల గ్రేడులను పాత జీపీఏలో కలుపుతుంది. మాస్టర్స్ గ్రేడులను మాత్రం విడిగా చూపుతుంది. మీ అబ్బాయి డిగ్రీలో 120 క్రెడిట్లు (కోర్సుల పరిమాణాన్ని కొలిచే యూనిట్లు), వాటిలో 40 సైన్సు క్రెడిట్లు ఉన్నాయనుకుందాం. మరో 30 సైన్సు క్రెడిట్లు చదివి అన్నింటా 'ఏ' గ్రేడు (4.0) తెచ్చుకుంటే, మొత్తం జీపీఏ 3.28కి, సైన్సు జీపీఏ 2.9 నుంచి 3.37కి చేరుతుంది. అదే 30 క్రెడిట్లు మాస్టర్స్‌లో చదివితే, ఎన్ని 'ఏ' గ్రేడులు వచ్చినా పాత అంకెలు కదలవు. పాత కోర్సును మళ్లీ చదివినా కొత్త గ్రేడు పాతదాన్ని చెరిపివేయదు, రెండూ లెక్కలోకి వస్తాయి.

అందుకని మాస్టర్స్ పనికిరాదని కాదు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో ఉన్నటువంటి స్పెషల్ మాస్టర్స్ ప్రోగ్రాముల్లో విద్యార్థులు మెడికల్ మొదటి సంవత్సరపు పాఠాలు చదువుతారు. అక్కడ రాణిస్తే వైద్య విద్య భారాన్ని మోయగలనని నిరూపించినట్టే. కాని అక్కడ గ్రేడులు తగ్గితే, ఆ తరువాత చూపించుకోవడానికి ఇంకేమీ మిగలదు. పైగా ఖర్చు ఎక్కువ. 2026 జూలై 1 నుంచి కొత్తగా రుణం తీసుకునే గ్రాడ్యుయేట్ విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ ప్రభుత్వ రుణాలు ఉండవు, మాస్టర్స్‌కు ఫెడరల్ రుణం ఏడాదికి 20,500 డాలర్లకు మించదు. కాబట్టి ముందు స్టేట్ యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, జెనెటిక్స్ వంటి పై స్థాయి కోర్సులు ఒక ఏడాది చదివించడం, అప్పటికీ చాలకపోతేనే మాస్టర్స్ గురించి ఆలోచించడం మంచిదని నా అభిప్రాయం.

ప్రోగ్రాముల ప్రకటనల్లో "మా విద్యార్థుల్లో 90 శాతం మందికి సీటు వచ్చింది" వంటి మాటలు కనిపిస్తే, ఆ 90 శాతం ఎంతమందిలో అని తప్పక అడగండి. చేరినవారందరిలోనా, చివరిదాకా నిలిచి, మెడికల్ కాలేజీలకు ప్రోగ్రామ్ కమిటీ రాసే సిఫారసు లేఖ పొందినవారిలో మాత్రమేనా? గ్రేడులు తగ్గినవారికి లేఖ ఇవ్వకుండా ఆపివేసే చోట ఆ అంకె పెద్దదిగా కనిపించడంలో వింత లేదు. లేఖ ఇవ్వడానికి కనీస జీపీఏ ఎంతో చేరకముందే తెలుసుకోవాలి.

మరొక మాట, కొంచెం చనువుగా చెబుతున్నాను. ఆ మొదటి రెండేళ్లలో సీ గ్రేడులు ఎందుకు వచ్చాయో అబ్బాయిని నెమ్మదిగా అడగండి. రాత్రి ఉద్యోగమో, అనారోగ్యమో, చదివే పద్ధతి తెలియకపోవడమో, కారణం ఏదైనా అది ఇంకా తొలగిపోకపోతే కొత్త ఏడాదిలోనూ అవే గ్రేడులు వస్తాయి. ఎంక్యాట్‌ను కూడా కోర్సుల ఒత్తిడి నడుమ ఇరికించవద్దు. దాన్ని ఏడాదిలో 3 సార్లు, రెండేళ్లలో 4 సార్లు, జీవితకాలంలో 7 సార్లు మాత్రమే రాయనిస్తారు. తొందరపడి రాసిన పరీక్ష స్కోరు కూడా కాలేజీల కంటబడుతుంది.

ప్రశ్న: నేను భారతదేశంలో బీటెక్ చేసి అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. గ్రీన్ కార్డు ఉంది. వైద్యం చదవాలని బలమైన కోరిక. నా బీటెక్ గ్రేడులు పనికివస్తాయా? ఎంత కాలం పడుతుంది?

జవాబు: విదేశీ కాలేజీల గ్రేడులను ఆమ్‌కాస్ జీపీఏలో లెక్కించదు; తప్పనిసరి కోర్సులను అమెరికాలోనో కెనడాలోనో చదివి ఉండాలని చాలా మెడికల్ కాలేజీలు కోరతాయి. అందువల్ల మీకు కెరీర్ మార్చుకునేవారి ప్రోగ్రామే (పై జవాబులో చెప్పిన మొదటి రకం) సరిపోతుంది. విదేశీ డిగ్రీని అంగీకరించే విషయంలో ఒక్కో కాలేజీది ఒక్కో నిబంధన కాబట్టి, ఫీజు కట్టకముందే మీరు దరఖాస్తు చేయదలచిన కాలేజీలకు రాసి జవాబు తెప్పించుకోండి.

కాలం సంగతికి వస్తే, జనరల్ కెమిస్ట్రీ పూర్తయితే గాని ఆర్గానిక్ కెమిస్ట్రీ, అది అయితే గాని బయోకెమిస్ట్రీ చదవనివ్వరు. ఈ వరుస వల్లనే సాధారణంగా రెండేళ్లు పడుతుంది. వేసవిలోనే జనరల్ కెమిస్ట్రీ ముగించే ప్రోగ్రాముల్లో ఏడాదితో అయిపోతుంది గాని, వాటిలో చదువుతూ ఉద్యోగం చేయడం కుదరదు. ఆ తరువాత వేసవి మొదట్లో దరఖాస్తు పంపితే, చేరేది మరుసటి ఏడాది వేసవి చివరనే. కొన్ని ప్రోగ్రాములకు మెడికల్ కాలేజీలతో లింకేజ్ ఒప్పందాలు ఉంటాయి. నిర్ణీత గ్రేడులు, స్కోరు సాధించినవారికి ఆ ఏడాది నిరీక్షణ తప్పుతుంది. అయితే సాధారణంగా ఒక్క కాలేజీకే కట్టుబడాలి కనుక, ఆ కాలేజీలోనే చదవాలని మీకు నిజంగా ఉన్నప్పుడే ఆ దారి ఎంచుకోండి. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చే ముందు జనరల్ కెమిస్ట్రీ ఒక్కటి సాయంత్రపు తరగతిలో చదివి చూడండి.