మీ లెక్కలో అమ్మ వాటా ఏది?

అమ్మగారికి నమస్కారం. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. నాకు 43 ఏళ్లు, కొబ్బరి వ్యాపారం. 2021 ఏప్రిల్ 27న మా అమ్మకి జ్వరం వచ్చింది, 29న నాన్నగారికి. ఇద్దరికీ పాజిటివ్. అమ్మకి నాలుగు రోజుల్లో జ్వరం తగ్గిపోయింది. నాన్నగారికి ఆక్సిజన్ పడిపోతే మే 5న కాకినాడలో ఆసుపత్రిలో చేర్చాను. 13న పోయారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అన్నయ్య రాలేదు. పీపీఈ కిట్ వేసుకుని నేనొక్కడినే అక్కడే తలకొరివి పెట్టాను. 50 వేల పరిహారం కోసం తిరిగిందీ నేనే. ఆ రోజు నుంచి అన్నయ్యతో మాటల్లేవు. మేం ఇద్దరమే, అక్కచెల్లెళ్లు లేరు. ఇప్పుడు అన్నయ్య 2027 పుష్కరాలకు వచ్చి నాన్నగారికి పిండం పెడతానంటున్నాడు. కొబ్బరితోటలో సగం వాటా కూడా అడుగుతున్నాడు. కన్నతండ్రి ఆఖరి చూపుకి రానివాడికి పిండం పెట్టే అర్హత ఉందా? వాటా ఎందుకివ్వాలి? అమ్మని అడిగితే ఏమీ చెప్పదు. ఇదివరకు అందరం కలిసే తినేవాళ్లం. ఆవిడ ఇప్పటికీ కరోనాలో లాగే వేరే కంచం, వేరే గ్లాసు పెట్టుకుని వెనక వసారాలో తింటుంది. మనవరాలిని కూడా దగ్గరకు రానివ్వదు. మా ఆవిడ చాదస్తం అంటుంది. అప్పట్లో మేం వద్దంటే వినకుండా అమ్మ మా మావయ్య పెద్దకార్యానికి వెళ్లి, అక్కడే తగిలించుకుని వచ్చింది. ఆ కోపంలో నేనూ ఒక మాట అన్నాను. ఆవిడ ఆరోగ్యం గురించి ఆలోచించి, నాన్నగారి కార్యక్రమాలన్నీ అయ్యాకే విషయం చెప్పాం. అన్నయ్య విషయంలో నన్నేం చెయ్యమంటారు?

*

బాబూ, ముందు మీరు అడిగిన రెండింటికీ జవాబు చెప్పేస్తాను, ఎక్కువసేపు పట్టదు. పిండం మీ అన్నయ్య పెట్టుకోవచ్చు. ఆయనా ఆ తండ్రికి కొడుకే, దానికి మీ అనుమతి అక్కర్లేదు. ఇక తోట. తలకొరివి పెట్టినవాడికే ఆస్తి అని ఏ చట్టమూ చెప్పదు. తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన స్వార్జితం హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ పిల్లలకూ సమానంగా వస్తుంది. తోట తాతల నాటిదైతే లెక్క కొంత మారుతుంది. కాగితాలు పట్టుకుని అమలాపురంలో ఒక మంచి లాయరు దగ్గరికి వెళితే పూటలో తేలిపోతుంది. అయితే వీలునామా లేకపోతే ఏ లెక్క వేసినా నాన్నగారి భాగంలో అమ్మకు వాటా ఉంది. అన్నయ్య సగం అడుగుతున్నాడంటారు, మీరు ఇవ్వనంటారు. మీ ఇద్దరి లెక్కలోనూ అమ్మ లేదు.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది అన్నయ్య కాదు, వెనక వసారాలో ఉన్న ఆ కంచం. ఆ సంగతిని మీరు రెండు వాక్యాల్లో రాసి ముందుకు వెళ్లిపోయారు. ఊళ్లో అందరూ మాస్కులు తీసేసి ఎన్నేళ్లయింది? కోటప్పకొండ తిరణాలకైనా అంతర్వేది తీర్థానికైనా జనం ఒకరి మీద ఒకరు పడి వెళుతున్నారు. మీ ఇంట్లో ఒక మనిషికి మాత్రం కరోనా ఇంకా పోలేదు. తన ఊపిరి తగిలితే మనవరాలికి ఏమైనా అవుతుందని ఆవిడ భయపడుతోంది. దాన్ని చాదస్తం అనకండి. మొగుణ్ణి తనే చంపుకున్నానని నమ్ముతున్న మనిషి అలాగే బతుకుతుంది.

ఆ నమ్మకం ఆవిడకు ఎవరిచ్చారో మీకు తెలుసు. "ఒక మాట అన్నాను" అని రాశారు, ఆ మాటేమిటో రాయలేదు. నేను ఊహించగలను. "వెళ్లొద్దంటే విన్నావా, నీవల్లే కదా నాన్నకి వచ్చింది" అని ఉంటారు. అన్నయ్య మీద ఇన్నేళ్లుగా ఇంత కోపం పెంచుకోవడానికి కారణం కూడా ఆ మాటే అనుకుంటున్నాను. రాని కొడుకు మీద కోపం ఉన్నంతకాలం, ఇంట్లో ఉన్న కొడుకు ఏం చేశాడో చూసుకోవాల్సిన పని పడదు. ఈ మాట మీకు కటువుగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను.

అసలు ఆవిడ ఎక్కడికి వెళ్లింది? తోడబుట్టినవాడు పోతే పెద్దకార్యానికి వెళ్లింది. పుట్టింట్లో తన తరంలో మిగిలిన అన్న కావచ్చు, తమ్ముడు కావచ్చు, ఆ వయసులో ఆడదానికి పుట్టిల్లంటే వాళ్లే. వదినగారి దగ్గర ఒక పూట కూర్చుని రావడం ఆమె ధర్మం. ఆ రోజుల్లో ఎక్కడికీ వెళ్లకపోవడమే మంచిదని నేనూ ఒప్పుకుంటాను. అంతమాత్రాన అది నేరం అయిపోదు.

ఇక ఎవరి వల్ల వచ్చింది అన్న లెక్క. ఈ వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి రెండు రోజులు పట్టవచ్చు, పద్నాలుగు రోజులూ పట్టవచ్చు. జ్వరం రాకముందు ఒకటి రెండు రోజుల నుంచే అది పక్కవాళ్లకు అంటుతుంది. కొందరికి అసలు లక్షణాలే ఉండవు, కానీ ఇంకొకరికి అంటించగలరు. అమ్మకు 27న, నాన్నగారికి 29న జ్వరం వచ్చింది కాబట్టి అమ్మ నుంచే వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేడు. ఇద్దరికీ ఒకే చోటి నుంచి వచ్చి ఉండొచ్చు. నాన్నగారి నుంచి ఆవిడకే వచ్చి, ఆవిడలో ముందు బయటపడి ఉండొచ్చు. 71 ఏళ్లో 75 ఏళ్లో, ఆ వయసు పెద్దలు ఆ ఏప్రిల్‌లో టీకా కోసం, పింఛను కోసం, బ్యాంకు పని కోసం ఎక్కడో ఒకచోట నిలబడినవాళ్లే. మరి మీరు? అంబాజీపేట మార్కెట్‌కి ఎక్కడెక్కడి నుంచో లారీలు వస్తాయి. దింపు, ఒలుపు, ఎగుమతి అంటూ రోజూ పదిమందితో పని మీది. ఆ వారంలో మీరు పరీక్ష చేయించుకున్నారా? మీరే తెచ్చారని అనడం లేదు. ఎవరు తెచ్చారో ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు అంటున్నాను. తెలియనిదాన్ని మీరు తీర్పుగా చెప్పారు. ఆవిడ శిక్షగా తీసుకుంది.

రెండో సంగతి దీనికన్నా పెద్దది. మొగుడు పోయాడని పెళ్లానికి చెప్పకుండా దాచారు. "ఆరోగ్యం గురించి ఆలోచించి" అన్నారు. మీరే రాసిన తేదీలు చూడండి. ఏప్రిల్ 27న జ్వరం, నాలుగు రోజుల్లో తగ్గింది. అప్పట్లో ప్రభుత్వం చెప్పిన నియమం ప్రకారం, లక్షణాలు మొదలై పది రోజులు గడిచి, చివరి మూడు రోజులు జ్వరం లేకపోతే ఇంట్లో ఐసొలేషన్ అయిపోయినట్టే, మళ్లీ పరీక్ష కూడా అక్కర్లేదు. అంటే మే 8 నాటికే ఆవిడ గదిలోంచి బయటకు రావచ్చు. నాన్నగారు పోయింది 13న. ఆ రోజు ఆవిణ్ణి గదిలో ఉంచింది జబ్బు కాదు, మీ భయం. శవం దగ్గర కూడా అంతే. ముట్టుకోకూడదు, స్నానం చేయించకూడదు అన్నారు కానీ, సంచీ తెరిచి ముఖం చూపించవచ్చని, మంత్రాలు చదవవచ్చని, తీర్థం చల్లవచ్చని, అస్థికల వల్ల ప్రమాదం లేదని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 మార్చిలోనే రాసి ఇచ్చింది. ఆ కాగితం పల్లెల దాకా రాలేదు. వచ్చినచోట కూడా భయం దాన్ని చదవనివ్వలేదు.

మీరు ఆ రోజు ఏ స్థితిలో ఉన్నారో నాకు అర్థం కాదనుకోకండి. తండ్రి శవంతో తెలియని మనుషుల మధ్య, ఆ ప్లాస్టిక్ కిట్‌లో చెమటలు కారుతూ నిలబడినవాడికి ఎంత ధైర్యం కావాలో తెలుసు. మీరు చేసింది కొడుకుగా గొప్ప పని, అందులో సందేహం లేదు. అమ్మకు చెబితే తట్టుకోలేదని, ఆవిడ కూడా పోతుందని వణికిపోయి ఉంటారు. ఆ మే నెలలో మన జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో ఇలాగే దాచారు. అయినా అది తప్పే. భర్త చావు భార్యది. ఏడవాలో, మొద్దుబారి కూర్చోవాలో, దేవుణ్ణి తిట్టాలో అది ఆవిడ ఇష్టం. దాన్ని పన్నెండు రోజులు మీ జేబులో పెట్టుకుని తిరిగే హక్కు మీకు ఎవరిచ్చారు?

మన వైపు ఒక ఇంట్లో చావు జరిగితే ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, చుట్టాలు క్యారేజీల్లో అన్నాలు తెస్తారు. పలకరింపుకి వచ్చిన ఆడవాళ్లు ఆమె చుట్టూ కూర్చుని "ఎలా జరిగిందొదినా" అని అడుగుతారు. ఆమె మొదటి నుంచీ చెబుతుంది. ఎప్పుడు ఆయాసం వచ్చింది, ఏం తాగించాను, నా వైపు ఎలా చూశారు. అంతా అయ్యేసరికి ఇంకొకరు వస్తారు, మళ్లీ మొదటి నుంచీ. చెప్పి చెప్పి గొంతు పోతుంది. పదకొండు రోజులు అలా చెప్పుకున్నాక ఆయన లేడన్నది ఆమె మనసుకి ఎక్కుతుంది. మీ అమ్మకు ఇది జరగలేదు. ఒకటి, ఎవరూ రాలేదు. మొదటి ఏడాది ఊరి మొగల్లో ముళ్లకంపలు వేసిన జనం, రెండో ఏడాది పాజిటివ్ ఇంటి గుమ్మం వైపు తలైనా తిప్పలేదు. వలంటీరు, ఆశా కార్యకర్త వీధిలో నిలబడి మందులు ఇచ్చి వెళితే అదే గొప్ప. తన అన్నదమ్ముడి ఇంటికి పలకరింపుకి వెళ్లినందుకే మాట పడిన మనిషి, తన ఇంట చావైనప్పుడు పలకరించే దిక్కు లేకుండా కూర్చుంది. రెండు, ఒకవేళ ఎవరైనా వచ్చి అడిగినా, చెప్పడానికి ఆవిడ దగ్గర ఏముంది? మే 5న అంబులెన్స్ ఎక్కించడం చూసింది. ఆ తర్వాత సంగతి ఆవిడకు తెలియదు. పరిహారం కాగితాల మీద సంతకం పెట్టించినప్పుడు అందులో కరోనా వల్ల చనిపోయారని రాసి ఉంటుంది, ఆ ఒక్క ముక్క తెలుసు.

అందుకని మీరు చెప్పండి. వ్యాపారం ఒక పూట ఆపి, ఆ వసారాలోకే వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని, మే 5 నుంచి 13 దాకా జరిగిందంతా చెప్పండి. ఆయన ఏం తిన్నారు, ఫోన్లో ఏం మాట్లాడారు, ఆవిడ గురించి అడిగారా, చివరిసారి మీరెప్పుడు చూశారు, కట్టెల దగ్గర ఎవరున్నారు, అస్థికలు కోటిపల్లి రేవులో కలిపారా, అంతర్వేది సంగమంలోనా. ఆవిడ అడిగింది అడిగినట్టు చెప్పండి. బాధ కలిగించే సంగతులు వదిలేయకండి, వదిలేసి వదిలేసే ఇక్కడికి వచ్చారు. మీరు ఆ చితి దగ్గర ఒంటరిగా ఉన్న సంగతి కూడా ఎవరికీ పూర్తిగా చెప్పుకుని ఉండరు. మీ ఏడుపు కూడా ఆవిడ దగ్గరే ఏడవాల్సింది.

ఆ తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోండి. "నీవల్ల రాలేదమ్మా, నేను అలా అనకూడదు, నీకు చెప్పకుండా దాచడం కూడా తప్పే" అనండి. అక్కడితో ఆపండి. ఆ రోజుల్లో నా పరిస్థితి అలాంటిది అని కలపకండి. ఆవిడ కేకలేయవచ్చు, నా మొహం చూడకు అనవచ్చు. పడండి. ఆవిడకు ఇన్నాళ్లూ దక్కని కోపం అది. ఒక్కసారి చెప్పినంత మాత్రాన మర్నాటికే ఆవిడ మీతో కంచం కలుపుతుందనుకోకండి. నెల పడుతుంది, ఆరు నెలలు పడుతుంది. బలవంతం చేసి ఆ గ్లాసు లాగేయొద్దని మీ ఆవిడకు చెప్పండి. ఆవిడే వెళ్లి అప్పుడప్పుడూ వసారాలో అత్తగారి పక్కన కూర్చుని తింటే చాలు.

అస్థికలు కలిపిన రేవుకి ఆవిణ్ణి ఈ నెలలోనే తీసుకెళ్లండి. పుష్కరాల దాకా ఎందుకు? 2015లో ఆ పన్నెండు రోజుల్లో రేవులు ఎలా కిటకిటలాడాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ జనంలో ఆవిడకు ఆయనతో మాట్లాడుకోవడానికి చోటు దొరకదు. వీలైతే మావయ్యగారి భార్యను కూడా తోడు తీసుకెళ్లండి. ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఆ తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారో లేదో నాకు అనుమానమే.

ఆవిడ తిండి తగ్గినా, నిద్ర లేకపోయినా, చచ్చిపోతే బాగుండును అని ఎప్పుడైనా అన్నా, మాటలతో కాలం గడపొద్దు, మానసిక వైద్యుడికి చూపించండి. టెలీ మానస్ అని ప్రభుత్వ సహాయ కేంద్రం ఉంది, 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. మీకు మీరు కూడా చేసుకోవచ్చు. ఆ చితి దగ్గర నిలబడిన మనిషికీ అది అవసరమే.

అన్నయ్య గురించి రెండు ముక్కలు. తెలంగాణలో 2021 మే 12 నుంచి లాక్‌డౌన్, ఉదయం 6 నుంచి 10 దాకానే సడలింపు. మన దగ్గర మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. మామూలు రోజుల్లోనే హైదరాబాద్ నుంచి కాకినాడకు రాత్రంతా ప్రయాణం. పాస్ కోసం ఆయన ప్రయత్నించాడో, భయపడి ఆగిపోయాడో నాకు తెలియదు, మీరూ అడగలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లలో అమ్మను చూడటానికి ఎన్నిసార్లు వచ్చాడన్నదే నేనైతే అడుగుతాను. ఆ ప్రశ్నకు ఆయన జవాబు చెప్పుకోవాలి, మీకు కాదు, ఆవిడకు.

తోట పంపకం మాట వచ్చినప్పుడు కాగితంలో అమ్మ పేరు, అమ్మ వాటా ముందు రాయించండి. మీ పోషణ మీద ఉంది కదా అని ఆ వాటాకు ఆవిడ చేత హక్కు విడుదల పత్రం రాయించుకోవద్దు, ఆవిడే ఇస్తానన్నా ఈ స్థితిలో తీసుకోవద్దు. పిండం ఎవరు పెట్టాలో కూడా ఆవిణ్ణే అడగండి. ఈసారి ఆవిడ జవాబు చెప్పేదాకా ఆగండి.