పాత గోల్ఫ్‌కు అప్పు చేసి సోకులా?

ప్రశ్న: నా వయసు 29. ఈ మధ్యే 2001 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ కొన్నాను. నాలుగో తరం కారు, 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 1,90,000 కిలోమీటర్లు తిరిగింది. నా నెలన్నర జీతానికే దొరికింది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో అమ్మినవారికి తెలియదట. దీనికి కాయిలోవర్ సస్పెన్షన్ (కారు ఎత్తును సర్దుకోగలిగే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ జత), 18 అంగుళాల అల్లాయ్ చక్రాలు, రీమ్యాప్ (శక్తి పెంచడానికి ఇంజను సాఫ్ట్‌వేర్ మార్చడం), ఎగ్జాస్ట్, కొత్త రంగు అన్నీ చేయిస్తే మూడు నెలల జీతం అవుతుందని లెక్క వేసుకున్నాను. బ్యాంకులో రెండు నెలల జీతమంత పొదుపు ఉంది. క్రెడిట్ కార్డు మీద అర నెల జీతమంత బాకీ ఉంది. నెలకు జీతంలో 20 శాతం మిగులుతోంది. పొదుపు తీయాలా, మూడేళ్ల వ్యక్తిగత రుణం తీసుకోవాలా? ఐదో తరం గోల్ఫ్ నుంచి తీసిన చక్రాలకు ఇప్పటికే కొంత అడ్వాన్సు కూడా ఇచ్చాను.

జవాబు: రెండూ వద్దు. అలాగని కారు అమ్మేయమని కూడా నేను చెప్పడం లేదు. ఇష్టపడి కొనుక్కున్న కారును బాగుచేసుకుంటూ నడపడం డబ్బు దండగ వ్యవహారమేమీ కాదు; అయితే ఆ ఇష్టానికి నెల నెలా ఎంత కేటాయించాలో ముందే తేల్చుకోకపోతే అది మీ మిగతా లెక్కలన్నింటినీ తినేస్తుంది.

మీరు కారు ఖరీదును నెలన్నర జీతంగా రాశారు. నా దృష్టిలో అది ఖరీదులో మొదటి వాయిదా మాత్రమే. పాత కారు చవకగా వచ్చిందంటే, అంతకుముందున్న యజమానులు చేయించకుండా వదిలేసిన పనుల బాకీ కారుతో పాటు మీకు బదిలీ అయిందని అర్థం. ఆ బాకీ ఏ కాగితం మీదా కనిపించదు, కాని తీర్చాల్సింది మీరే. అందులో అన్నిటికంటే పెద్ద పద్దు మీరు ఒక్క వాక్యంలో తేల్చేసిన టైమింగ్ బెల్టు. మీ ఇంజనులో సిలిండర్‌కు 5 చొప్పున మొత్తం 20 వాల్వులు ఉంటాయి. బెల్టు తెగితే ఆ వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ ఆగిపోతుంది, పిస్టన్లు మాత్రం ఆగవు. పైకి వచ్చే పిస్టన్ తెరిచి ఉన్న వాల్వును కొట్టి వంచేస్తుంది. బెల్టు సకాలంలో మార్చుకోవడానికి అయ్యేది ఒక మోస్తరు సర్వీసు ఖర్చు, తెగాక ఇంజను విప్పించడానికి అయ్యేది దాదాపు ఇంకో పాత కారు ఖరీదు. కిలోమీటర్లు పెద్దగా తిరగకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ బెల్టు పాడవుతుంది కాబట్టి, ఎప్పుడు మార్చారో తెలియని బెల్టును అసలు మార్చనే లేదని అనుకుని నడుచుకోవడమే క్షేమం. పైగా ఈ ఇంజనులో నీటి పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పంపులకు నీటిని నెట్టే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, ప్లాస్టిక్‌ది ఉండేది, అది కాలక్రమంలో పగిలిపోతుంది. కాబట్టి బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, లోహపు ఇంపెల్లర్ ఉన్న పంపు మూడూ ఒకేసారి మార్పించండి. విప్పి బిగించే మజూరీ ఒక్కసారే పడుతుంది.

మజూరీ ఒక్కసారే పడాలన్న ఈ మాటను గట్టిగా పట్టుకోండి, మీ మోజుకు దారి కూడా ఇందులోనే ఉంది. అక్కడికి వచ్చే ముందు అప్పు సంగతి చూద్దాం.

మీ నెల జీతాన్ని 100 భాగాలు అనుకుందాం. కారుకు 150 భాగాలు పెట్టారు. సోకులకు 300 భాగాలు అప్పు తెచ్చి, ఏడాదికి 15 శాతం వడ్డీతో 36 నెలల్లో తీరుస్తారనుకుంటే, నెలవారీ వాయిదా దాదాపు 10.4 భాగాలు అవుతుంది, మొత్తం కట్టేది 374 భాగాలు దాటుతుంది. అంటే వడ్డీగానే 74 భాగాలు పోతాయి. కారు కొన్న ధరలో అది దాదాపు సగం. ఆ సొమ్ముతో కారుకు ఒక్క బోల్టు కూడా రాదు. మీకు నెలకు మిగిలే 20 భాగాల్లో సగానికి పైగా మూడేళ్లపాటు ఈ వాయిదాకే పోతుంటే, మధ్యలో క్లచ్ పోయినా, జ్వరమొచ్చి పది రోజులు పని మానేసినా మళ్లీ క్రెడిట్ కార్డే దిక్కవుతుంది. ఆ కార్డు మీద ఇప్పటికే 50 భాగాల బాకీ ఉంది. మీ కార్డు వడ్డీ రేటు ఎంతో మీరు రాయలేదు; నెలకు 3 శాతం అనుకున్నా, ఏడాదికి అది 36 శాతంతో ఆగదు, చక్రవడ్డీతో 42 శాతం దాటుతుంది. పొదుపు ఖాతాలో డబ్బు నిద్రపోతుండగా కార్డు బాకీని అలా పెరగనివ్వడం మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టిన విషయం. ఈ వారంలోనే పొదుపు నుంచి 50 భాగాలు తీసి దాన్ని పూర్తిగా తీర్చేయండి.

ఇప్పుడు పొదుపులో 150 మిగులుతాయి. అందులో 40 భాగాలను కారును ఒక గాడిన పెట్టడానికి కేటాయించండి. బెల్టు పని, ఫోక్స్‌వ్యాగన్ 502 00 ప్రమాణం ఉన్న ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులు, బ్రేక్ ద్రవం, కూలెంటు ఇందులోకి వస్తాయి. మెకానిక్ అంచనా అంతకు మించితే, ఆ మించిన మొత్తాన్ని తర్వాత చెప్పబోయే సోకుల వాటాలోంచి సర్దుకోవాలి తప్ప మళ్లీ పొదుపును తాకకూడదు. మిగిలిన 110 భాగాలు అత్యవసర నిధి. మీ నెల ఖర్చు 80 భాగాలు కాబట్టి ఆ నిధి కనీసం మూడు నెలల ఖర్చుకు, అంటే 240కి చేరాలి. నెలకు మిగిలే 20లో 12 దీనికి, 5 మరమ్మతులకు, 3 సోకులకు వేయండి. దాదాపు 11 నెలల్లో నిధి నిండుతుంది. ఆ తర్వాత ఆ 12లో 8 భాగాలను దీర్ఘకాలిక పెట్టుబడికి మళ్లించి, మిగిలిన నాలుగులో మూడు సోకులకు, ఒకటి మరమ్మతులకు కలుపుకుంటే రెండింటికీ చెరి 6 భాగాలు వస్తాయి. మరమ్మతుల డబ్బు, సోకుల డబ్బు ఒకే ఖాతాలో ఉంచకండి. రెండూ కలిసి ఉంటే మెరిసే వస్తువుదే ఎప్పుడూ పైచేయి అవుతుంది.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. చాలా ఏళ్ల క్రితం నేనూ ఒక పాత హ్యాచ్‌బ్యాక్ కొని, చేతికి రాగానే అల్లాయ్ చక్రాలు వేయించాను. బాగా ఉబ్బి, వేలితో నొక్కితే మెత్తగా తగిలే రేడియేటర్ గొట్టాన్ని మాత్రం చూసి కూడా వచ్చే నెల చూద్దాంలే అనుకున్నాను. ఆ నెలలోనే అది పగిలింది. కొత్త చక్రాలు తళతళలాడుతుండగా రోడ్డు పక్కన ఆవిరి కక్కుతున్న కారు దగ్గర రెండు గంటలు నిలబడి, లాగుకెళ్లే బండికి గొట్టం ఖరీదుకు ఎన్నో రెట్లు చెల్లించాను. ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టు అన్న సామెత అప్పుడు నాకు బాగా అర్థమైంది.

ఇక నెలకు 3 భాగాలతో ఏం సోకు అవుతుందని మీరు నిరుత్సాహపడవచ్చు. అవుతుంది, పద్ధతి ఏమిటంటే, ఎలాగూ మార్చాల్సిన భాగం మార్చేటప్పుడే దాన్ని మెరుగైన దానితో మార్చడం. ఇరవై ఏళ్లు దాటిన కారులో షాక్ అబ్జార్బర్లు ఇంకా అసలువే అయితే అవి అరిగిపోయే ఉంటాయి. వాటిని మామూలు వాటితో మార్చడానికీ, 30 మిల్లీమీటర్లు కిందికి దించే స్ప్రింగులతో కలిపి మంచి జత వేయించడానికీ మజూరీలో పెద్ద తేడా ఉండదు. ముందు చక్రాల దగ్గరి స్ట్రట్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగాలు) విప్పాల్సిందే, పైన ఉండే మౌంట్లు, బేరింగులు మార్చాల్సిందే, చివర్లో అలైన్‌మెంట్ చేయించాల్సిందే. అందువల్ల మామూలు షాక్ అబ్జార్బర్ల ధర మరమ్మతుల ఖాతా నుంచి, పైబడిన తేడా మాత్రమే సోకుల ఖాతా నుంచి పోతుంది. ఇవాళ మామూలువి వేయించి ఏడాది తర్వాత కాయిలోవర్లు వేయిస్తే ఇదే మజూరీ రెండుసార్లు కడతారు. బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు, సస్పెన్షన్ బుష్‌లు, టైర్ల విషయంలోనూ ఇదే లెక్క. టైర్లంటే గుర్తొచ్చింది: టైరు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఉన్న టైర్లు మరీ పాతవైతే, రంగు కంటే, ఎగ్జాస్ట్ కంటే ముందు వరస వాటిదే.

రీమ్యాప్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ జాబితాలో తక్కువ ఖర్చుగా కనిపిస్తూ ఎక్కువ ఖర్చు తెచ్చిపెట్టేది అదే. టర్బో ఇంజను కాబట్టి సాఫ్ట్‌వేర్ మార్పుతో 150 హార్స్‌పవర్ 180, 190 దాకా వెళ్తుందన్న మాట నిజమే. అయితే అరిగిన క్లచ్ ఆ టార్కును మోయలేక జారడం మొదలుపెడుతుంది. క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించాక దాని వెనక ఉండే, కుదుపులు తగ్గించే రెండు ముక్కల బరువు చక్రం (డ్యూయల్ మాస్ ఫ్లైవీల్) వదులై ఆడుతోందని తేలితే అదీ మార్చాలి. ఇగ్నిషన్ కాయిల్స్ ఈ ఇంజనుకు ఎప్పుడూ బలహీనమైన చోటే. చీలిన వాక్యూమ్ గొట్టాలు ఉంటే టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి (బూస్టు) నిలబడదు. ఇవన్నీ సరిగా ఉన్న కారుకు రీమ్యాప్ ఖర్చు రీమ్యాప్ ఖర్చే. లేని కారుకు అది నాలుగు రెట్లు. కాబట్టి దాన్ని క్లచ్ మార్చే రోజు వరకు వాయిదా వేయండి. ఈలోగా ఫోక్స్‌వ్యాగన్ మాడ్యూళ్లన్నీ చదవగలిగే డయాగ్నస్టిక్ కేబుల్ ఒకటి కొనుక్కోండి. హెచ్చరిక దీపం వెలిగిన ప్రతిసారీ గ్యారేజీకి స్కానింగ్ రుసుము కట్టే అవసరం తప్పుతుంది. రంగును చివరకు ఉంచండి. ఎగ్జాస్ట్ ఉన్నది తుప్పు పట్టి రాలే వరకు ఉండనివ్వండి.

మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. మీ గోల్ఫ్, ఆ కాలపు మొదటి తరం ఆడి ఏ3, ఆడి టీటీ, స్కోడా ఆక్టేవియా, సియాట్ లియాన్ అన్నీ ఒకే ప్లాట్‌ఫారం, అంటే ఒకే అడుగు నిర్మాణం, మీద తయారయ్యాయి. అందువల్ల బ్రేకులు, సస్పెన్షన్ భాగాలు, సీట్లు, చక్రాలు సెకండ్ హ్యాండ్‌లో ఒకదానివి మరొకదానికి చాలావరకు పనికొస్తాయి. ఆడి గుర్తు లేని పెట్టెలో అదే భాగం తక్కువకు దొరకడం ఈ వ్యవహారంలో మామూలే. భాగం సంఖ్య సరిచూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. ఈ తరం కార్లలో తలుపు అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు విరిగి, అద్దం చప్పుడు చేస్తూ తలుపు లోపలికి జారిపోవడం అందరికీ తెలిసిన ముచ్చటే. దానికి అద్దాన్ని ఎత్తి దించే మొత్తం రెగ్యులేటర్ కొననక్కర్లేదు, లోహపు క్లిప్పుల కిట్ విడిగా దొరుకుతుంది. ఒక శనివారం మధ్యాహ్నం మీరే వేసుకోవచ్చు.

మార్పులు చేసే ముందు బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి. చెప్పకుండా దాచిన రీమ్యాప్ వల్ల ప్రమాదం నాడు క్లెయిమ్ తిరస్కరణకు గురైతే, అప్పటివరకు కట్టిన ప్రీమియం అంతా వృథా అవుతుంది. వాహనం ఎత్తు, ఎగ్జాస్ట్ శబ్దం, ఉద్గారాలపై మీరున్న చోటి రవాణా నిబంధనలు ఏం చెబుతున్నాయో కూడా ముందే కనుక్కోండి. తీసేసిన అసలు భాగాలను పారేయకుండా మూటగట్టి ఉంచండి. అమ్మేటప్పుడు కారుకు అసలువి తిరిగి బిగించి, మీరు వేయించిన వాటిని విడిగా అమ్మితేనే కొంతైనా చేతికొస్తుంది. సోకులకు పెట్టిన డబ్బును కారు ధరలో కలిపి ఇచ్చే కొనుగోలుదారు దొరకడం చాలా అరుదు.

ఇంకొక గీత కూడా ఇప్పుడే గీసుకోండి, ఎందుకంటే కారు గ్యారేజీలో విప్పి పడి ఉన్న రోజున మనసు లెక్కను వినదు. ఏదో ఒక్క మరమ్మతు అంచనా, అంటే ఇంజను గాని గేర్‌బాక్స్ గాని, 150 భాగాలు దాటితే ఆ పని చేయించకుండా కారును విడిభాగాలుగానో ఉన్నదున్నట్టుగానో అమ్మేయాలని ఒక కాగితం మీద రాసి కారు పత్రాలతో పాటు దాచండి.

చివరగా, మీరు అడ్వాన్సు ఇచ్చిన చక్రాలు. ఐదో తరం గోల్ఫ్ చక్రాలకు బోల్టు రంధ్రాలు 5×112 కొలతలో, అంటే 112 మిల్లీమీటర్ల వృత్తం మీద ఐదు, ఉంటాయి. మీ నాలుగో తరానిది 5×100. మధ్య రంధ్రం రెండింటికీ 57.1 మిల్లీమీటర్లే కాబట్టి చూడగానే సరిపోతాయనిపిస్తుంది గాని, బోల్టులు కలవవు. అడాప్టర్లు వేసి బిగించవచ్చని అమ్మేవారు చెప్పవచ్చు. అడాప్టర్ల ఖర్చు, వాటితో చక్రం బయటికి పొడుచుకొచ్చి మడ్‌గార్డుకు రాసుకునే ఇబ్బంది, బీమాకు మళ్లీ చెప్పాల్సిన మార్పు అన్నీ కలిపితే బేరం బేరంగా మిగలదు. అడ్వాన్సు తిరిగి ఇవ్వమని మర్యాదగా అడగండి. ఇవ్వకపోతే వదులుకోండి. ఇచ్చేశాం కదా అని మిగతా సొమ్ము కూడా కట్టేసి, కారుకు ఎక్కని నాలుగు చక్రాలను ఇంట్లో మూలన పెట్టుకోకండి. తర్వాత ఎప్పుడైనా పాత ఆడి టీటీ చక్రాలు మంచి ధరకు కనిపిస్తే, అవి 5×100 అవునో కాదో వెనకవైపు చెక్కిన అక్షరాలు చదివి, అప్పటికి సోకుల ఖాతాలో ఎంత ఉందో చూసుకుని బేరమాడండి.