కీమో రోజుల్లో నోట రాని స్తుతి: సోదరికి సమాధానం

సోదరీ, ప్రభువు నామమున వందనములు. మూడవ కీమో తరువాత కృతజ్ఞతాస్తుతి నోట రావడం లేదని, ఇది అవిశ్వాసమేమోనని మీరు అడిగారు. కాదని నా నమ్మకం. 1 థెస్సలొనీకయులకు 5:18లో పౌలు ‘ప్రతి విషయమునందును’, అంటే ప్రతి స్థితిలోనూ, కృతజ్ఞతాస్తుతులు చెల్లించమన్నాడే గాని ప్రతిదాని కొరకు కాదు గనుక, క్యాన్సర్ వచ్చినందుకే స్తోత్రం చెప్పమని ఒత్తిడి చేసేవారు, ఎంత ప్రేమతో చెప్పినా, ఆ వాక్యం అడగనిదాన్ని మిమ్మల్ని అడుగుతున్నారు. 13వ కీర్తనలో దావీదు ఎంతకాలమని దేవుణ్ణే నిలదీసిన తరువాత గాని, చివరిదైన ఆరవ వచనంలో కీర్తించడానికి రాడు. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, అదీ ప్రార్థనే.

నేను డయాలసిస్ పేషెంటును. వారానికి మూడు మార్లు, నాలుగేసి గంటలు ఆ కుర్చీలో పెద్ద స్తుతులేవీ వచ్చేవి కావు. సూది ఒక్క పోటుకే దిగిన రోజున మాత్రం, ‘ప్రభువా, ఈ నర్సమ్మ చేతికి స్తోత్రం’ అనుకొనేవాడిని. మీరు కూడా రాత్రికి ఒక్కటే వ్రాసుకోండి. నోటిపుండ్లతోనే గొంతు దిగిన రెండు గరిటెల గంజి అయినా చాలు. ఏమీ తోచని రాత్రి కాగితం ఖాళీగా వదిలేయండి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే మాత్రం, ప్రార్థన ముగిసేవరకు ఆగక వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.