బ్లేడ్ సర్వర్లలో అడాప్టర్ టీమింగ్ ఉంటే చాసిస్‌లో రెండో స్విచ్ దండగేనా?

బ్లేడ్లంటే చాసిస్ అనే ఒకే పెట్టెలో దూర్చే సన్నటి సర్వర్లు; వాటిని బయటి నెట్‌వర్క్‌కు కలిపేది ఆ పెట్టె వెనకుండే స్విచ్ మాడ్యూల్. టీమింగ్ (బ్లేడ్‌లోని రెండు నెట్‌వర్క్ అడాప్టర్లను జతచేసి, ఒకటి పోతే ఇంకోటి అందుకునేలా పెట్టడం) ఎటూ ఉంది, రెండో స్విచ్ మాడ్యూల్ దండగ ఖర్చేమో అని అడిగారు. దండగ కాదు. మామూలుగా బ్లేడ్‌లో ఒక అడాప్టర్ ఎడమ మాడ్యూల్‌కీ, ఇంకోటి కుడి మాడ్యూల్‌కీ పోతుంది. ఒక్క మాడ్యూలే కొంటే రెండో అడాప్టర్‌కు దిక్కు లేదు. అయితే రెండూ కొన్నాక నిశ్చింతగా పడుకోవచ్చని అమ్మేవాళ్లు చెప్తారు చూడండి, అది మాత్రం నమ్మబాకండి.

నెల్లూరు పొగతోటలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి సర్వర్లు చూసేవాణ్ణి. ఒక సోమవారం పొద్దున ఓపీ కౌంటర్లో రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. క్యూ గేటు దాకా వచ్చింది. విచిత్రం ఏంటంటే ఫార్మసీలో బిల్లులు మాత్రం టకటకా వస్తా ఉండాయి. చెన్నై నుంచి వెండర్ ఇంజినీరు ఫోన్లో ఒకటే పాట: "లింక్ అప్ చూపిస్తోంది సార్, నెట్‌వర్క్ బాగానే ఉంది, మీ సాఫ్ట్‌వేర్ చూసుకోండి." సాఫ్ట్‌వేర్ వాళ్లేమో నెట్‌వర్కే అంటారు. మధ్యలో కౌంటర్ పిల్ల తిట్లు తింటా ఉంది.

లినక్స్‌లో బాండింగ్ (టీమింగ్‌కు అక్కడి పేరు) స్టేటస్ తెరిచి చూశా. లింకులన్నీ "అప్" అనే చూపిస్తోంది. కానీ పడిపోయిన బ్లేడ్లన్నిటికీ యాక్టివ్ అడాప్టర్ ఈత్0 (ఎడమ మాడ్యూల్‌కు పోయేది), నడుస్తున్నవాటికి ఈత్1 (కుడివైపుది). లోడు పంచుకుంటాయని సగం అటు, సగం ఇటు పెట్టి ఉన్నారు. చాసిస్ వెనక్కి పోయి చూస్తే ఎడమ మాడ్యూల్ అప్‌లింక్ (మాడ్యూల్ నుంచి బయటి నెట్‌వర్క్‌కు పోయే లైను) పోర్టు లైటు ఆరిపోయుంది. ఫాల్స్ సీలింగ్‌లో ఎలక ఫైబర్ కొరికేసింది.

మరి టీమింగ్ ఎందుకు మారలా? యాక్టివ్-బ్యాకప్ మోడ్‌లో (ఒక అడాప్టర్ పనిచేస్తుంది, రెండోది కాచుకొని ఉంటుంది) ఎంఐఐమాన్ అనే లింకు తనిఖీ 100 మిల్లీసెకన్లకోసారి చూసేది అడాప్టర్ నుంచి మాడ్యూల్ దాకానే. ఆ ముక్క చాసిస్ లోపలే ఉంటుంది, చెక్కుచెదరదు. 2021 నవంబర్‌లో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయినప్పుడు నెల్లూరు బస్టాండులో బస్సెక్కడానికి ఏ అడ్డమూ లేదు, విజయవాడ పోవడానికే దారి లేదు. ఇదీ అంతే.

దీనికి మందు మాడ్యూల్‌లోనే ఉంది. సిస్కోలో లింక్ స్టేట్ ట్రాకింగ్, హెచ్‌పీ వర్చువల్ కనెక్ట్‌లో స్మార్ట్‌లింక్ అంటారు. అప్‌లింక్ పోగానే మాడ్యూల్ బ్లేడ్ల వైపు పోర్టుల్ని కూడా పడేస్తుంది, అప్పుడు టీమ్ రెండో అడాప్టర్‌కు దూకుతుంది. కుదరకపోతే ఎంఐఐమాన్ తీసేసి, గేట్‌వే (నెట్‌వర్క్ బయటికి పోయే ద్వారం) అడ్రస్‌కు ఏఆర్‌పీ మానిటరింగ్ పెట్టండి, అది గేట్‌వే దాకా పలకరించి జవాబు వస్తోందా అని చూస్తుంది. ఎల్ఏసీపీ (రెండు లింకుల్ని ఒకే కట్టగా వాడే పద్ధతి) పెట్టమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. రెండు మాడ్యూళ్లూ స్టాక్ అయ్యో, ఎంలాగ్‌తోనో (రెండు స్విచ్‌లను ఒకటిగా చూపే ఏర్పాట్లు) ఒకే స్విచ్‌లా కనపడకపోతే ఆ రెండు లింకులూ ఒకే కట్టగా పనిచెయ్యవు.

నాకు మండేది అప్పగింత రోజు టెస్టు మీద. వెండర్లు మాడ్యూల్ మొత్తం బయటికి లాగి, పింగ్ (సర్వర్ పలుకుతోందా అని చూసే పరీక్ష) ఆగలేదని చూపించి సంతకం పెట్టించుకుంటారు. మాడ్యూల్ ఊడితే లింకు పడుతుంది, ఎవరికైనా తెలుస్తుంది. అప్‌లింక్ కేబులొక్కటే పీకమనండి, మొహం చూడండి. అడగాల్సినవి ఇంకా ఉండాయి: రెండు అప్‌లింకులూ ఒకే కోర్ స్విచ్‌కు (నెట్‌వర్క్ మొత్తానికి నడిమి స్విచ్) పోతున్నాయా, రెండు పవర్ వైర్లూ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయా?

మా ఆస్పత్రిలో రెండు ఫైబర్లూ ఒకే ట్రేలో పోతుండేవి. ఒకటి వేరే దారిలో వేయిద్దామంటే సీలింగ్ పాడవుతుందని మేనేజ్‌మెంట్ ఒప్పుకోలా. ఎలకల మందుకు మాత్రం వెంటనే డబ్బులిచ్చారు.