సంప్రదాయ విల్లుతో జింక వేట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పుల్లీలు, గురిచూపే పిన్నులు లేని లాంగ్‌బో, రికర్వ్ విల్లులతో వైట్‌టెయిల్ జింకల వేట గురించి అమెరికాలోని తెలుగు పాఠకుల నుంచి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. లైసెన్సు తీసుకుని, సీజన్‌లో, అనుమతి ఉన్న నేల మీద వేటాడేవారికే ఈ జవాబులు. మన దేశంలో చట్టం వేరు. ఆ సంగతి అచ్చంపేట ఉత్తరానికి ఇచ్చిన జవాబులో ఉంది.

ప్రశ్న: రెండేళ్లుగా 65 పౌండ్ల కాంపౌండ్ విల్లు వాడుతున్నాను. ఇప్పుడు రికర్వ్‌కి మారాలని ఉంది. 55 పౌండ్లది ఒకటి చవగ్గా దొరుకుతోంది, తీసుకోమంటారా? (పాఠకుడు, పెన్సిల్వేనియా)

వద్దండీ. 45 పౌండ్లది చూసుకోండి. (ఈ పౌండ్లు విల్లు బరువు కాదు, తాడు లాగడానికి పట్టే బలం.) రెక్కలు విప్పి మార్చుకునే టేక్‌డౌన్ రకమైతే మరీ మంచిది. మొదటి నాలుగైదు నెలలు 35 పౌండ్ల రెక్కలతో సాధన చేసి, తర్వాత 45వి బిగించుకోవచ్చు.

కాంపౌండ్‌ను పూర్తిగా లాగాక బరువులో 75 నుంచి 80 శాతం పుల్లీలే మోస్తాయి. మీ 65 పౌండ్ల విల్లు గురి చూసే సమయంలో వేళ్ల మీద మోపేది 13–16 పౌండ్లే. రికర్వ్‌లో తాడు వెనక్కి వచ్చేకొద్దీ బరువు పెరుగుతూనే ఉంటుంది, చివరి అంగుళంలో అన్నిటికంటే ఎక్కువ. ఆ బరువు మోయలేని వేళ్లు తాడు దవడ దాకా రాకముందే వదిలేస్తాయి. వేటలో ఎక్కువ బాణాలు గురి తప్పేది ఇలాగే. అందరూ కంటి తప్పు అనుకుంటారు గానీ, అసలు తప్పు వీపు కండరాలది.

దుకాణంలో ఇలా పరీక్షించండి. కుర్చీలో కూర్చుని, వేటలో వేసుకునే మందపాటి కోటుతోనే, తాడును నోటి మూల దాకా లాగి అయిదు సెకన్లు పట్టుకోండి. వదలకుండా నెమ్మదిగా ముందుకు దించండి. వరసగా ఆరుసార్లు చేతులు వణకకుండా చేయగలిగితే ఆ విల్లు మీది. (తాడు లాగి బాణం లేకుండా మాత్రం ఎప్పుడూ వదలొద్దు, రెక్కలు చిట్లుతాయి.)

విల్లు మీద ‘45@28’ అని రాసి ఉంటే 28 అంగుళాలు లాగినప్పుడు 45 పౌండ్లని అర్థం. అంగుళానికి రెండు నుంచి మూడు పౌండ్లు తేడా వస్తుంది. 27 అంగుళాలే లాగేవారికి అది దాదాపు 42 పౌండ్ల విల్లు. పెన్సిల్వేనియాలో జింకకు చట్టం అడిగే కనీస బరువు 35 పౌండ్లు కాబట్టి చట్టం వైపు నుంచి మీకు ఇబ్బంది లేదు. 45 పౌండ్ల విల్లు, 450–500 గ్రెయిన్ల (బాణాల బరువు చెప్పే చిన్న కొలత) బాణం, చేతి మీద వెంట్రుక గీసేంత పదునున్న రెండు అలుగుల ములికి ఉంటే బాణం జింక ఊపిరితిత్తుల గుండా అవతలికి దాటిపోతుంది. విచ్చుకునే మెకానికల్ ములుకుల జోలికి పోకండి. అవి విచ్చుకోవడానికే శక్తి ఖర్చవుతుంది, ఈ విల్లుల్లో అంత మిగులు ఉండదు.

పాత విల్లు కొంటే మరో జాగ్రత్త. 1990కి ముందు తయారైన చాలా విల్లుల కొనలు సాగని కొత్తరకం తాళ్ల దెబ్బకు తట్టుకోలేవు. వాటికి కాస్త సాగే డాక్రాన్ తాడే కట్టాలి. తాడు ఎక్కించడానికి తాడు-స్ట్రింగర్ వాడండి. కాలు అడ్డంపెట్టి వంచితే రెక్క మెలిపడుతుంది.

ప్రశ్న: ఈకలున్న బాణం మధ్యలో తగులుతోంది. ములికి మార్చి బ్రాడ్‌హెడ్ (అలుగులున్న వేట ములికి) బిగిస్తే ఎటో పోతోంది. బ్రాడ్‌హెడ్‌దే లోపమా? (పాఠకుడు, ఒహాయో)

ముందు బ్రాడ్‌హెడ్ సూటిగా కూర్చుందో లేదో చూడండి. బాణాన్ని ములికి కొన మీద నిలబెట్టి బొంగరంలా తిప్పితే కాడ ఊగకూడదు. ఊగకపోతే లోపం బాణం స్పైన్‌లో, అంటే కాడ వంగే గుణంలో ఉంది. ఈకలు ఆ లోపాన్ని దిద్దుతూ దాచేస్తాయి. ముందున్న అలుగులు గాలిని పట్టేసరికి అది బయటపడుతుంది.

ఈకలు లేని బాణంతో సరిచూసుకోవడమే దీనికి మందు. ఒకే బరువున్న ముందుకొనలతో ఈకలున్న బాణాలు మూడు, లేనివి రెండు, 15 గజాల నుంచి వేయండి. మీరు కుడిచేతి వాటమైతే, ఈకల్లేనివి ఎడమకు పోతే కాడ గట్టిది, కుడికి పోతే మెత్తది. గట్టిదైతే ముందు బరువు పెంచండి: 125 గ్రెయిన్ల నుంచి 150, అక్కడి నుంచి 175. మెత్తదైతే కాడను పావు అంగుళం చొప్పున కోస్తూ మళ్లీ వేసి చూడండి. కోసింది తిరిగి అతకదు కాబట్టి తొందర వద్దు. 45 పౌండ్లకు 500 స్పైన్ కార్బన్ కాడను కోయకుండా నిండు పొడవుతో మొదలుపెట్టడం మంచి పద్ధతి.

పైకీ కిందికీ తేడా వస్తే తాడు మీద నాక్ పాయింట్ (బాణం తోక ఆనించే గుర్తు) చూడాలి. దాన్ని లంబరేఖకు 5/8 అంగుళం పైన కట్టి మొదలుపెట్టండి. ఈకల్లేనిది మిగతావాటికంటే కింద తగులుతుంటే నాక్ పాయింట్ ఎక్కువ పైన ఉన్నట్టు, కొంచెం దించాలి. కింది నుంచి మొదలుపెట్టి పైకి జరిపితే ఓ మోసం ఉంది: బాణం తోక విల్లు మీద బాణం ఆనే అరకు కొట్టుకుని పైకి ఎగరడంతో కొలత తప్పుగా కనిపిస్తుంది. అందుకే పైనుంచి దిగాలి. ముందు నిలువు తేడా, తర్వాత పక్క తేడా. ఈ వరస మార్చకండి.

ప్రశ్న: హెచ్-1బి మీద ఉన్నాను. నేను వేటాడవచ్చా? (పాఠకుడు, డాలస్)

ఆడవచ్చు. తాత్కాలిక వీసాదారులు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఇస్తుంది. విల్లు ఆ చట్టం లెక్కలో తుపాకీ కిందికి రాదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. వేట లైసెన్సుతో పాటు ఆర్చరీ ఎండార్స్‌మెంట్ (విల్లు వేటకు అదనపు అనుమతి) కూడా కొనాలి. విల్లు సీజన్ సెప్టెంబర్ చివర మొదలై నవంబర్ తొలి రోజుల దాకా ఉంటుంది. ఏటా తేదీలు కొద్దిగా మారతాయి కనుక పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వారి ఆ ఏటి పుస్తకం చూడండి. టెక్సస్ నేల చాలావరకు ప్రైవేటు వారిదే. గాయపడిన జింక కంచె దాటి పక్కవారి పొలంలోకి పోయినా, వారిని అడగకుండా కాలు పెట్టకూడదు. సీజన్‌కి ముందే ఇరుగుపొరుగుతో మాట్లాడి పెట్టుకోండి.

ప్రశ్న: 22 గజాల్లో ఆడజింక. గురి బాగానే ఉంది. బాణం మాత్రం వీపు మీదుగా పోయింది. ఎందుకు? (పాఠకుడు, వర్జీనియా)

తాడు చప్పుడుకు జింక కిందికి వంగింది. దూకి పారిపోవాలంటే ముందు కాళ్లు మడిచి ఒళ్లు దించాలి, బాణం వచ్చేది సరిగ్గా ఆ క్షణానికే.

మీ విల్లు బాణాన్ని సెకనుకు 170 అడుగుల వేగంతో పంపుతుందనుకుందాం, ఈ బరువు విల్లులకు అది మామూలు వేగం. 20 గజాలంటే 60 అడుగులు: బాణానికి 0.35 సెకన్లు పడుతుంది. శబ్దం సెకనుకు సుమారు 1,125 అడుగులు పోతుంది గనుక 0.05 సెకన్లలోనే చెవికి చేరుతుంది. అంటే జింకకు 0.3 సెకన్లు దొరికాయి. అందులో మూడో వంతు ఉలిక్కిపడటానికే పోయినా, మిగతా 0.2 సెకన్లలో ఒంటి బరువుతో కిందికి జారే దూరం ఏడెనిమిది అంగుళాలు. ఊపిరితిత్తుల చోటు ఎత్తే అటూ ఇటూగా అంతే. అదే 12 గజాలైతే జింకకు దొరికేది 0.18 సెకన్లే, అంతసేపట్లో అది జారేది అంగుళం రెండంగుళాలు.

అందువల్ల దూరం తగ్గించడమే అసలు పరిష్కారం. 20 గజాలు పైహద్దు, 12–15 మంచి దూరం. తల ఎత్తి, చెవులు నిక్కించి, ముందుకాలు నేలకేసి కొడుతున్న జింక మీద పది గజాల్లో ఉన్నా బాణం వేయకండి. తల దించి మేస్తున్నదాని కోసం ఆగండి.

ఆ తర్వాత చప్పుడు సంగతి. బ్రేస్ ఎత్తు అంటే విల్లు పట్టు నుంచి తాడుకు ఉండే దూరం. 60–62 అంగుళాల రికర్వ్‌కు ఇది ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర అంగుళాలు ఉంటుంది. తాడుకు నాలుగేసి మెలికలు ఎక్కిస్తూ, ప్రతిసారీ రెండు మూడు బాణాలు వేసి చెవితో వినండి. ఎక్కడో ఒకచోట చప్పుడు తటాలున తగ్గుతుంది, అక్కడ ఆపండి. తాడు మీద ఉన్ని కుచ్చులు ఒకటి పావు వంతు దగ్గర, రెండోది అటు కొన నుంచి మూడో వంతు దగ్గర కట్టండి. రెండూ సమాన దూరంలో ఉంటే తాడు కంపనంలో కొంత భాగం అలాగే మిగిలిపోతుంది. బరువైన బాణం విల్లు శక్తిని ఎక్కువగా తీసుకుపోతుంది కాబట్టి చప్పుడు తగ్గించడంలో దానికీ పాత్ర ఉంది.

ప్రశ్న: మా ప్రాంతంలో చెంచులు తరతరాలుగా విల్లు వాడుతున్నారు. వారు దుప్పిని వేటాడితే తప్పా? (విద్యార్థి, అచ్చంపేట)

చట్టప్రకారం నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ దుప్పి, కణితి (సాంబార్), కృష్ణజింక దేని వేటనూ అనుమతించదు. ఆ చట్టంలో ‘ఆయుధం’ నిర్వచనంలో విల్లు, బాణాలు కూడా ఉన్నాయి. అనుమతి పత్రం లేకుండా వాటితో అభయారణ్యంలోకి వెళ్లడమే తప్పవుతుంది. అభయారణ్యంలో వేటకు మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఆదివాసులకు భూమి మీద, తేనె, చింతపండు వంటి అటవీ ఫలసాయం మీద హక్కులిచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేటను మాత్రం పేరు పెట్టి మినహాయించింది. విల్లునే నమ్ముకుని బతికిన చెంచులకు ఇది చిన్న నష్టం కాదు. ఆ పనితనాన్ని గురిపోటీల్లోనైనా నిలబెట్టే బాధ్యత మన ప్రభుత్వాల మీద ఉందని మేము గట్టిగా నమ్ముతున్నాం. దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌ది. వీటిని మన అడవుల్లో వేటాడటానికి ఈ శీర్షికలో ఏ సలహా దొరకదు.

ప్రశ్న: చెట్టు మచాన్ మీద నుంచి వేస్తే విల్లు కింది రెక్క రెయిలింగుకు తగిలింది. చిన్న విల్లు కొనాలా? (పాఠకుడు, మిన్నెసోటా)

అక్కర్లేదు. 58 అంగుళాల కంటే పొట్టి విల్లులో తాడు కోణం పదునెక్కి వేళ్లను నలిపేస్తుంది. విల్లును కొద్దిగా పక్కకు వంచి పట్టండి, నిలబడి వేయండి, నడుము దగ్గర వంగండి. చేతులు దించి గురిచూస్తే భుజాల వరస చెడి బాణం పైకి పోతుంది. మచాన్ ఎక్కిన మొదటి అయిదు నిమిషాల్లోనే, బాణం ఎక్కించకుండా, నాలుగు దిక్కులా తాడును సగం లాగి ఏ కొమ్మ తగులుతుందో చూసుకోండి.

ఎత్తు 15 అడుగులు చాలు. పైకి పోయేకొద్దీ కోణం నిటారై ఒక ఊపిరితిత్తికే బాణం తగులుతుంది, అలాంటి జింక చాలా దూరం పోయి దొరకకుండా బాధపడుతుంది. నేల మీద కాలు ఉన్నప్పుడే ఒంటినిండా హార్నెస్ కట్టుకుని, లైఫ్‌లైన్ తాడుకు తగిలించుకుని ఎక్కండి. విల్లును, ములుకులు కప్పి ఉన్న అమ్ములపొదిని తాడుతో తర్వాత పైకి లాక్కోండి.

ప్రశ్న: బాణం తగిలాక ఎంతసేపు ఆగాలి? మాంసం పాడవుతుందని భయం. (పాఠకురాలు, జార్జియా)

నేల మీద పడిన బాణమే చెబుతుందమ్మా. లేత ఎరుపు, నురగ బుడగలు ఉంటే ఊపిరితిత్తులు: అరగంట ఆగి బయలుదేరండి, సాధారణంగా వందా నూటయాభై గజాల్లోపే పడి ఉంటుంది. చిక్కని ముదురు ఎరుపు అయితే కాలేయం: నాలుగు గంటలు. ఆకుపచ్చ మరక, పులిసిన గడ్డి వాసన వస్తే పొట్ట: ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. తొందరపడి వెంటపడితే, పడుకున్న జింక లేచి మైలు దూరం పోతుంది, నెత్తురు జాడ కూడా మిగలదు. వెచ్చని రాత్రి పొట్టదెబ్బ తగిలితే మాంసం కొంత పోవచ్చు, అయినా ఆగాల్సిందే. చాలా రాష్ట్రాల్లో జాడ పట్టే కుక్కను పిలిపించుకోవడం చట్టబద్ధమే, ముందుగా అడిగి తెలుసుకోండి.

దొరికిన వెంటనే పేగులు తీసేసి, లోపల ఐసు సంచులు పెట్టి, వీలైనంత త్వరగా 40 ఫారెన్‌హీట్ డిగ్రీల లోపుకు తేవాలి. తెల్ల కొవ్వు మొత్తం తీసేయండి. అది చల్లారాక నోట్లో అంటుకుంటుంది. తొడ కింది కండను సన్నసెగ మీద మూడు గంటలు పులుసు పెట్టండి, వెన్ను కండను మాత్రం వేపుడుకు ఉంచుకోండి. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (జింకల మెదడును దెబ్బతీసే రోగం) ఉన్న జిల్లా అయితే తల నమూనా పరీక్షకు ఇచ్చి, ఫలితం వచ్చాకే వండండి. ఆ రోగకారకం ఉడికించినా చావదు. మెదడు, వెన్నుపాము ఎక్కడైనా సరే తినకండి, ఎముక తీసిన మాంసాన్నే రాష్ట్రం దాటించండి.