గ్యాస్ వాసనొస్తే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలా? వంటింటి ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఈమధ్యే మియాపూర్‌లో ఓ ఫ్లాట్‌కి మారాం. మొన్న రాత్రి నీళ్ల కోసం లేస్తే వంటింట్లో గ్యాస్ వాసన. మా అత్తమ్మ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే పోతది అన్నది, మా ఆయనేమో ముందు లైట్ వేసి ఎక్కడ లీకవుతుందో చూద్దాం అన్నాడు. ఎవరు కరెక్టు?

జవాబు: ఈ పంచాయతీలో ఇద్దరూ ఓడిపోయినట్టేనమ్మా. స్విచ్ వేసినా, తీసినా లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది, మన కంటికి కనబడదు గానీ గ్యాస్‌కి అది చాలు. కాబట్టి ఆ టైమ్‌లో లైట్ ఆరి ఉంటే ఆరే ఉండనివ్వండి, వెలుగుతుంటే వెలగనివ్వండి, ఫ్యాన్ కూడా అంతే. మరేం చెయ్యాలంటే, ముందు రెగ్యులేటర్ మర తిప్పి ఆపెయ్యండి, దేవుడి దగ్గర దీపం, అగరొత్తి, దోమల కాయిల్ ఏది ఉన్నా ఆర్పెయ్యండి, తలుపులు కిటికీలు బార్లా తెరవండి, పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకుని బయటికొచ్చెయ్యండి. ఫోన్ కూడా బయటికొచ్చాకే. 1906 కి కొట్టండి, అది గ్యాస్ లీకుల కోసమే ఉన్న నంబర్, అర్ధరాత్రైనా పనిచేస్తుంది.

ఫ్రిజ్ సంగతి చాలామందికి తట్టదు, అది మనం ముట్టుకోకపోయినా దానంతట అదే ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉంటుంది కదా, అందుకే కరెంట్ మొత్తం తీసెయ్యాలనిపిస్తే ఇంట్లో ఉన్న మెయిన్ జోలికి వెళ్లకుండా కింద మీటర్ల దగ్గర తీయించండి, వాచ్‌మన్‌కి చెప్తే అయిపోయే పని.

ఇక సిలిండర్‌లో ఉండే ప్రొపేన్, బ్యూటేన్ రెండూ గాలికంటే బరువైనవి. లీకైతే పైకి పోవు, నీళ్లు పారినట్టు నేల మీద పాకి గట్టు కింద, మూలల్లో చేరి అక్కడే ఉంటాయి. మీరు నిలబడి వాసన చూస్తే తక్కువే అనిపించొచ్చు, కింద మాత్రం బాగానే పేరుకుని ఉంటుంది. గాల్లో సుమారు 2 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. అసలు ఈ గ్యాస్‌కి సొంత వాసనంటూ పెద్దగా లేదు, లీకైతే తెలియాలనే ఇథైల్ మెర్కాప్టన్ అనే కంపు మందు కలుపుతారు. కాసేపు ఆ వాసనలోనే ఉంటే ముక్కు అలవాటు పడిపోతుంది, "తగ్గిందిలే" అని మళ్లీ పడుకుంటారు. బయటినుంచి వచ్చినవాళ్లు "ఏంటి వాసన" అంటే వాళ్ల ముక్కునే నమ్మండి.

లీకు ఎక్కడో తెలుసుకోవాలంటే, వాసనంతా పోయాక పగటిపూట గిన్నెలో కాస్త సబ్బునీళ్లు కలిపి రెగ్యులేటర్ చుట్టూ, పైపు రెండు కొసల్లో, స్టవ్ నాబ్‌ల దగ్గర రాయండి, బుడగలొస్తే అక్కడే. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ పని ఎవరు చేస్తానన్నా చెయ్యనివ్వకండి. చాలాసార్లు తేలేది సిలిండర్ వాల్వ్ లోపలుండే చిన్న రబ్బరు రింగు దగ్గరే, అది అరిగినా లేకపోయినా కొత్త బండ పెట్టగానే బుస్సుమంటుంది. అప్పుడు రెగ్యులేటర్ తీసేసి, వాల్వ్‌కి తాడుతో వేలాడే ఆ ప్లాస్టిక్ మూత బిగించి, మెకానిక్‌ని పిలవండి. డెలివరీ బాయ్ ఉండగానే చెక్ చేయించుకుంటే ఇంకా నయం.

ప్రశ్న: సంక్రాంతికి సకినాలు చేస్తుంటే మా గ్లాస్ టాప్ స్టవ్ ఠప్పుమని పగిలి గాజంతా చిన్న చిన్న ముక్కలైంది. కొని రెండేళ్లు కూడా కాలేదు. గాజు నాసిరకమా?

జవాబు: అయ్యుండొచ్చు, కాకపోయుండొచ్చు, నాకైతే అనుమానం మీ మూకుడు మీదే. సకినాల మూకుడంటే పెద్దదే పెట్టి ఉంటారు, అది బర్నర్ దాటి గాజంతా కప్పేస్తే మంట వేడి పైకి పోలేక కిందికి కొడుతుంది, అది కూడా గంటలకొద్దీ. దానికి తోడు మధ్యలో నూనె చిందిందని తడిగుడ్డతో తుడిస్తే వేడి గాజు మీద చల్లటి నీళ్లు పడ్డట్టే. టఫెన్డ్ గాజు మామూలు గాజులా బీట వారి ఊరుకోదు, పగిలితే మొత్తం ఒకేసారి ముక్కలవుతుంది. అంచున ఎప్పుడో గిన్నె తగిలి చిన్న పెచ్చు లేచి ఉన్నా అక్కడినుంచే మొదలవుతుంది. కడిగాక బర్నర్ మూత వంకరగా కూర్చుంటే మంట కిందినుంచి కూడా వస్తుంది, అదీ చూసుకోండి. పండగ పిండివంటలకి పాత స్టీల్ స్టవ్ ఒకటి ఉంచుకోవడమే మేలు, చూడ్డానికి అందంగా లేకపోతే మానె.

ఇంకోటి, మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు మాత్రం పొయ్యకండి, మంట పైకి ఎగుస్తుంది. స్టవ్ ఆపి, పళ్లెం గానీ మూత గానీ బోర్లించి, చల్లారేదాకా తియ్యకండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌కి భాగ్యనగర్ గ్యాస్ వాళ్ల పైపు కనెక్షన్ వచ్చింది. పాత స్టవ్ వాడుకోవచ్చా?

జవాబు: చాలావరకు వాడుకోవచ్చండీ, కానీ లోపల జెట్లు, అంటే బర్నర్‌కి గ్యాస్ వదిలే సన్న రంధ్రం ముక్కలు, మార్పించాలి. సిలిండర్ గ్యాస్ స్టవ్‌కి 30 మిల్లీబార్ ప్రెషర్‌లో వస్తుంది, పైపు గ్యాస్ 21 లో, పైగా దాంట్లో వేడి కూడా తక్కువ కాబట్టి జెట్ రంధ్రం పెద్దది కావాలి. మార్చకపోతే మంట సన్నగా వస్తుంది, విసుగు తప్ప ప్రమాదం లేదు. ప్రమాదమంతా రివర్స్‌లో ఉంది. రేపు మీరు ఇల్లు మారి అదే స్టవ్‌ని మళ్లీ సిలిండర్‌కి తగిలిస్తే పెద్ద పసుపు మంట లేచి గిన్నెలన్నీ మసి పడతాయి, అద్దె ఇళ్లు మారేవాళ్లు ఇది మర్చిపోతారు. పైపు గ్యాస్ అంటే ముఖ్యంగా మీథేన్, అది గాలికంటే తేలిక, లీకైతే సీలింగ్ వైపు పోతుంది. కాబట్టి ఆ వంటింట్లో పైనున్న వెంటిలేటర్‌ని అట్టముక్కతో మూసెయ్యకండి, సిలిండర్ ఉన్న ఇంట్లో మాత్రం కింద గాలి ఆడాలి, గట్టు కింద కప్‌బోర్డ్‌లో పెడితే తలుపు కిందివైపు రంధ్రాలుండాలి.

ప్రశ్న: ఆరెంజ్ పైపు ఎప్పుడు మార్చాలి? చూడ్డానికి బానే ఉంది.

జవాబు: దాని మీదే డేట్ ఉంటుంది చూడండి, 5 ఏళ్లు దాటితే బాగున్నా మార్చెయ్యండి. మీటరున్నరకి మించి పొడవు వద్దు, మురికి పట్టకూడదని గుడ్డో ప్లాస్టిక్ కవరో తొడగొద్దు, పగుళ్లొస్తే కనబడవు. పనిలో పనిగా సిలిండర్ మెడ దగ్గర ప్లేట్ మీద రాసిందీ చూడండి, బి-28 అని ఉంటే 2028 ఏప్రిల్ నుంచి జూన్ లోపు దానికి టెస్ట్ చెయ్యాలని, ఆ గడువు దాటిన బండ ఇస్తే దింపుకోకండి.